అల ఎత్తు ఎంత?

పుదుచ్చేరి పట్నం నుంచి తీరం వెంబడి దక్షిణంగా కొద్ది దూరం పోతే వీరాంపట్టినం వస్తుంది. చేపల వేట మీద బతికే ఊరు. ఏటా జరిగే అమ్మవారి తేరుకు చుట్టుపక్కలంతా పేరున్న ఊరు. 1990ల చివర్లో ఆ ఊళ్లో లౌడ్‌స్పీకర్లు బిగించారు. పండగ పాటల కోసం కాదు, ఎన్నికల ప్రచారానికీ కాదు. రేపు సముద్రంలో అల ఎంత ఎత్తు లేస్తుందో, గాలి ఎటునుంచి వీస్తుందో చెప్పడానికి. వల బాగుచేసుకుంటున్న మనిషి తలెత్తకుండానే ఆ మాట వినేవాడు. చేపలు ఎండబెడుతున్న ఆడమనిషి వినేది. అక్షరం రానివాళ్లకూ అది అందేది.

ఆ కబురు అక్కడికి వచ్చింది అమెరికా నౌకాదళం వెబ్‌సైట్ నుంచి.

తన యుద్ధనౌకల అవసరం కోసం ఆ నౌకాదళం భూమ్మీది సముద్రాలన్నిటికీ అలల అంచనాలు వేసి నెట్‌లో పెట్టేది. అందులో బంగాళాఖాతం కూడా ఉండేది. రెండు మీటర్ల అల యుద్ధనౌకకు ఒక లెక్కలోది కాదు. నాలుగు దుంగలు పక్కపక్కన పేర్చి తాళ్లతో బిగించిన తెప్పకు అదే చావుబతుకుల సంగతి. అంటే ఆ అంచనాతో అసలైన పని ఉన్నది దాన్ని తయారుచేసినవాళ్లకంటే వీరాంపట్టినం వాళ్లకే. కానీ వాళ్లకు ఆ వెబ్‌సైట్ ఉందని తెలియదు, అది ఇంగ్లీషులో ఉంది, ఊళ్లో కంప్యూటర్ లేదు. సమాచారం లోకమంతటికీ తెరిచే ఉంది. అది కావలసిన మనిషికి మాత్రం అందదు. ఈ అధ్యాయమంతా ఆ మధ్యనున్న దూరం గురించి.

ముందు అల సంగతి చూద్దాం. రేపు అల ఎంత లేస్తుందో ఎక్కడో కూర్చుని ఎలా చెప్పగలుగుతారు?

అలను పుట్టించేది గాలి. అది ఎంత పెరుగుతుందన్నది మూడు సంగతుల మీద ఆధారపడుతుంది: గాలి ఎంత వేగంగా వీస్తోంది, ఎంతసేపు వీచింది, అడ్డం లేకుండా ఎంత దూరం నీటి మీద పరుగెత్తింది. చెరువులో ఎంత పెనుగాలి వీచినా మేడంత అల లేవదు, గాలి పరుగుకు చోటు చాలదు కనుక. బంగాళాఖాతంలో ఆ చోటు వందల కిలోమీటర్లు ఉంటుంది. సముద్రాన్ని కంప్యూటర్ లెక్కల్లో చిన్న చిన్న గళ్లుగా విడగొడతారు. ఒక్కో గడి మీద వీచబోయే గాలిని వాతావరణ నమూనా నుంచి తీసుకుని, ఆ గడిలో అలలకు ఎంత శక్తి అందుతుంది, పక్క గడిలోకి ఎంత పోతుంది, నురగై విరిగి ఎంత నశిస్తుంది అని గంటగంటకూ లెక్కగడతారు. గాలి అంచనా సరిగా ఉంటే అల అంచనా కూడా చాలావరకు సరిగానే వస్తుంది.

వచ్చిన అంకెను ఎలా చదవాలో కూడా తెలియాలి. ‘అల ఎత్తు రెండు మీటర్లు’ అని అంచనాలో ఉంటే ప్రతి అలా రెండు మీటర్లని కాదు. వచ్చే అలల్లో బాగా ఎత్తైన మూడో వంతును వేరుచేసి, వాటి సగటు తీస్తే వచ్చేది ఆ అంకె. కొన్ని గంటలపాటు సముద్రం మీద ఉన్నవాడికి అందులో ఏదో ఒక అల దాదాపు రెట్టింపు ఎత్తున, అంటే నాలుగు మీటర్ల దగ్గర్లో ఎదురుకావచ్చు. ఇంకొకటి. తెప్పకు పెద్ద గండం నడిసముద్రంలో కాదు, ఒడ్డు దగ్గరే. నీటి లోతు అల ఎత్తుకు ఒకటింబావు రెట్లకు తగ్గేసరికి అల నిలబడలేక ముందుకు విరిగి పడుతుంది. రెండు మీటర్ల అల రెండున్నర మీటర్ల లోతులో విరుగుతుంది. వేటకు వెళ్లే తెప్ప ఆ విరిగే వరసను దాటి పోవాలి, తిరిగి వచ్చేటప్పుడు చేపల బరువుతో మళ్లీ దాటాలి.

ఆకాశం నిర్మలంగా ఉన్నా, స్థానికంగా గాలి లేకపోయినా అలలు ఉవ్వెత్తున రావచ్చు. వేల కిలోమీటర్ల అవతల, అంటార్కిటికా చుట్టూ ఉన్న సముద్రంలో పుట్టిన తుపాను అలలు రోజుల తరబడి ప్రయాణం చేసి మన తీరాన్ని తాకుతాయి. సముద్రశాస్త్రవేత్త వాల్టర్ మంక్ బృందం 1963లో అలాంటి అలలను దక్షిణాన పుట్టినచోటు నుంచి పసిఫిక్ పొడవునా అలాస్కా దాకా వెంబడించి కొలిచింది. కేరళ బెస్తలు ఈ రకం పోటును ‘కల్లక్కడల్’ అంటారు. కల్లన్ అంటే దొంగ, కడల్ అంటే సముద్రం. చెప్పాపెట్టకుండా ఇళ్లలోకి వచ్చే సముద్రం. మబ్బు రంగు, గాలి వాటం, పక్షుల రాకపోకలు చూసి సముద్రాన్ని చదవగల పెద్దలు మన తీరంలో ఉన్నారు. వాళ్ల విద్య మీద నాకు గొప్ప గౌరవం. కానీ అంటార్కిటికా దగ్గర నాలుగైదు రోజుల కిందట వీచిన గాలి వాళ్ల కంటికి కనపడదు. అక్కడ ఉపగ్రహమూ కంప్యూటరూ చెప్పే మాటే ఆధారం.

ఇక వీరాంపట్టినానికి ఆ మాట ఎలా చేరిందో చూద్దాం.

చెన్నైలోని ఎం.ఎస్. స్వామినాథన్ రీసెర్చ్ ఫౌండేషన్ కెనడా వారి ఇంటర్నేషనల్ డెవలప్‌మెంట్ రీసెర్చ్ సెంటర్ సాయంతో 1998లో పుదుచ్చేరి పల్లెల్లో ఒక ప్రయోగం మొదలుపెట్టింది. వి. బాలాజీ దాన్ని నడిపించారు. విల్లియనూర్ అనే ఊరు కేంద్రం. ఇంటర్నెట్ కనెక్షన్ అక్కడ ఒక్కచోటే. చుట్టూ ఉన్న పల్లెల్లో ఫోన్ లైన్లు ఒకచోట ఉంటే ఒకచోట లేవు, ఉన్నా నమ్మకం తక్కువ. అందుకని పోలీసులు వాడే వాకీటాకీల కోవకే చెందిన వీహెచ్ఎఫ్ రేడియోలు తెచ్చి, వాటిని కంప్యూటర్లకు తగిలించారు. మాటలూ వాటి మీదే, అక్షరాలూ వాటి మీదే. ఈ రేడియో తరంగాలు కొండలూ గుట్టలూ అడ్డంరాకపోతే బాగా సాగుతాయి. పుదుచ్చేరి చుట్టుపక్కల నేల చదును కనుక ఇబ్బంది లేకపోయింది. కరెంటు పోతే సౌర పలకలు ఆదుకునేవి.

ఈ రేడియోల వేగం ఇవాళ్టి ఫోనుతో పోలిస్తే నత్తనడక. బొమ్మలు, వీడియోలు పంపడం కుదరని పని. కానీ ఆలోచించండి: అల ఎత్తు, గాలి దిక్కు, గాలి వేగం. ఇంతే కదా కావలసింది! ఈ మూడు ముక్కలకు పోస్టుకార్డు సగం కూడా నిండదు. మనిషి ప్రాణం కాపాడే సమాచారం చాలాసార్లు ఇంత చిన్నదే. పేదవాళ్లకు ఇంటర్నెట్ అనగానే ముందు వేగం గురించి మాట్లాడతారు. విల్లియనూర్ వాళ్లు ముందు ఏం కావాలో అడిగి తెలుసుకున్నారు, దానికి ఎంత వేగం చాలునో తర్వాత చూసుకున్నారు. ఆ వరస నాకు సరైనదనిపిస్తుంది.

రోజూ విల్లియనూర్‌లో ఒకరు ఆ వెబ్‌సైట్ తెరిచి మర్నాటి అంచనా దించుకునేవారు. దాన్ని తమిళంలో చెప్పి రికార్డు చేసేవారు. ఆ గొంతే లౌడ్‌స్పీకర్లలో వినపడేది.

ఈ మొత్తంలో నాకు ఎక్కువ నచ్చింది లౌడ్‌స్పీకరే. దానికి చదువు అక్కర్లేదు. డబ్బు అక్కర్లేదు. కంప్యూటర్ ముందు వరసలో నిలబడనక్కర్లేదు. ఊరి పెద్ద ఇంట్లో పెట్టి తాళం వేసుకోవడానికి అది పుస్తకం కాదు. గాలిలోకి వదిలిన మాటను ఒకడికి వినపడనిచ్చి ఇంకొకడికి వినపడకుండా చెయ్యలేం.

ఫౌండేషన్ ఊళ్లకు ఒక షరతు పెట్టింది. సమాచార కేంద్రానికి గది ఊరివాళ్లే ఇవ్వాలి, అది ఊరందరిదై ఉండాలి, దళితులతో సహా ఎవరినీ గుమ్మం దగ్గర ఆపకూడదు. కేంద్రాలు నడిపినవాళ్లలో ఎక్కువమంది ఊళ్లోని ఆడవాళ్లే, బడి చదువు మాత్రమే ఉన్నవాళ్లు. ఇంగ్లీషు అక్షరాల కీబోర్డు మీదే వేళ్లు ఆడిస్తూ తమిళం టైపు చెయ్యడం నేర్చుకున్నారు. ప్రభుత్వ పథకాల వివరాలు, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్న కుటుంబాల జాబితాలు, ధాన్యం ధరలు, పశువుల రోగాలు, ఆస్పత్రి వివరాలు అన్నీ పోగుచేసి పెట్టారు. ఆ జాబితా సంగతి కొంచెం ఆలోచించండి. అంతదాకా అది ఏ ఆఫీసు బీరువాలోనో ఉండేది. తన పేరు అందులో ఉందో లేదో తెలుసుకోవాలంటే కూలిపని మానుకుని పోయి గుమాస్తాను బతిమాలాలి. ఇప్పుడు పక్క వీధి అమ్మాయిని అడిగితే కంప్యూటర్లో చూసి చెబుతుంది. విల్లియనూర్ నుంచి ‘నమ్మ ఊరు సెయ్ది’ అని పక్షానికో పత్రిక కూడా తెచ్చారు. మన భాషలో చెప్పాలంటే ‘మన ఊరి కబురు’.

2004 డిసెంబర్ 26, ఆదివారం. మన గడియారం ప్రకారం తెల్లవారి ఆరున్నరకు సుమత్రా తీరంలో సముద్రగర్భం కదిలి సునామీ లేచింది. సునామీ వేగం నీటి లోతు మీద ఆధారపడుతుంది. మూడు కిలోమీటర్ల లోతున్న చోట అది గంటకు ఆరువందల కిలోమీటర్లు పరుగెత్తుతుంది, అంటే జెట్ విమానం వేగంలో ఇంచుమించు మూడింట రెండు వంతులు. అయినా మన తూర్పు తీరాన్ని చేరడానికి దానికి రెండు గంటలకు పైగా పట్టింది. వార్త మాత్రం కాంతివేగంతో పోగలదు. రెండు గంటలంటే కోట్లమందిని హెచ్చరించడానికి చాలినంత వ్యవధి. ఆ రోజుకు హిందూ మహాసముద్రంలో హెచ్చరిక వ్యవస్థ అంటూ లేదు. వార్త ఉంది, తీగలు ఉన్నాయి, దాన్ని అందుకుని చెప్పేవాడు లేడు.

పుదుచ్చేరి తీరంలోనే నల్లవాడు అనే ఊరుంది. అది కూడా ఆ ఫౌండేషన్ కేంద్రం ఉన్న ఊరే. ఆ ఊరి బెస్తల బిడ్డ ఒకడు సింగపూర్‌లో పనిచేస్తున్నాడు. టీవీలో వార్త చూసి ఇంటికి ఫోన్ చేశాడు. ఇంట్లోకి నీళ్లు వస్తున్నాయని ఇంటివాళ్లు చెప్పారు. పారిపొమ్మన్నాడు, ఊరందరికీ చెప్పమన్నాడు. కేంద్రానికి తాళం వేసి ఉంది. ఊరివాళ్లు తలుపు పగలగొట్టారు. రోజూ అల ఎత్తు చెప్పే మైకులో ఆ పొద్దున ఒకటే మాట వినిపించింది: ఊరు వదిలి పరుగెత్తండి. మూడున్నర వేలకు పైగా జనం ఉన్న ఊరు అది. ఇళ్లు పోయాయి, పడవలు పోయాయి. ఊళ్లో ఒక్క ప్రాణం పోలేదు.

నల్లవాడును కాపాడింది ఇంటర్నెట్ కాదు, ఒక ఫోన్ కాల్, ఒక మైకు అని ఎవరైనా అనవచ్చు. నిజమే. కానీ ఆ మైకు అక్కడ ఉన్నది ఇంటర్నెట్‌లోని అల ఎత్తు చెప్పడానికి. సముద్రం గురించి ఆ గొట్టంలోంచి వచ్చే మాట నమ్మదగిందని కొన్నేళ్లుగా ఊరికి తెలుసు. ఆ మాట విని, నిజమా అబద్ధమా అని తర్కిస్తూ ఎవరూ నిలబడలేదు. నమ్మకం రోజువారీ చిన్న చిన్న కబుర్లతోనే పేరుకుంటుంది. గండం వచ్చిన పొద్దున దాన్ని పుట్టించలేం.

ఆ తర్వాత మన దేశం వేగంగా కదిలింది. హైదరాబాద్‌లో 1999లోనే ఏర్పడిన ఇన్‌కాయిస్, అంటే భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవల కేంద్రం, 2007 అక్టోబర్ నుంచి సునామీ హెచ్చరికల బాధ్యత తీసుకుంది. సముద్రానికి వందల కిలోమీటర్ల దూరాన, దక్కను పీఠభూమి మీద కూర్చుని సముద్రాన్ని చూసే సంస్థ అది. అమెరికా నౌకాదళం వెబ్‌సైట్ వైపు చూడనక్కర్లేకుండా అలల అంచనాలు ఇప్పుడు అక్కడే తయారవుతాయి. విశాఖ తీరంలాంటి చోట్ల నీటి మీద తేలే బోయాలు అలలను కొలిచి పంపుతుంటే, అంచనా ఎంతవరకు నిజమైందో సరిచూస్తారు.

ఇన్‌కాయిస్ చేసే ఇంకో పని చేప ఎక్కడ దొరకవచ్చో చెప్పడం. ఉపగ్రహానికి చేప కనపడదు. సముద్రం పైపొర వేడీ, నీటి రంగూ కనపడతాయి. లోతుల్లోని చల్లని నీరు పైకి ఉబికి వచ్చేచోట దానితోపాటు పోషకాలు పైకొస్తాయి. ఆ ఎరువు తిని సూక్ష్మమైన పచ్చని నాచుమొక్కలు పెరుగుతాయి, నీటికి పచ్చదనం వస్తుంది. నాచును తినే పురుగులు, పురుగులను తినే చిరుచేపలు, వాటిని వేటాడే పెద్ద చేపలు, ఒకదాని వెంట ఒకటి అక్కడికి చేరతాయి. చల్లని నీరు, వెచ్చని నీరు కలిసే గట్టు, పచ్చదనం చిక్కగా ఉన్న చోటు రెండూ ఒకటైతే అక్కడ వల వెయ్యడం లాభం. ఆకాశంలో మబ్బు కమ్మితే ఉపగ్రహం వేడిని చదవలేదు, ఆ రోజు సూచన ఉండదు. ఉన్న రోజు మాత్రం రేవు పేరు, అక్కడి నుంచి ఏ దిక్కున ఎన్ని కిలోమీటర్లు, ఎన్ని మీటర్ల లోతు అని తెలుగుతో సహా తీరప్రాంత భాషల్లో ఇస్తారు. వెతుకులాట తగ్గితే డీజిల్ తగ్గుతుంది. బోటు వేటకు పోయివస్తే మిగిలేదీ మిగలనిదీ తేల్చేది చాలాసార్లు డీజిల్ ఖర్చే.

ఒకసారి విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో ఒక పెద్ద సరంగుతో మాట్లాడాను. ఐస్ దంచి బోటులోకి ఎత్తుతున్నారు, కళాసీలు వల మడతపెడుతున్నారు. నేను ఫోనులో ఉన్న ఆ రోజు సూచన చదివి వినిపించాను. దిక్కు డిగ్రీలు, దూరం కిలోమీటర్లు, లోతు మీటర్లు. ఆయన ఓపిగ్గా విన్నాడు. “ఈ మీటర్లు మాకేటి తెలుస్తాయి బాబూ! ఎన్ని బారల నీళ్లో సెప్పండి, మిగతాది మేం సూసుకుంటాం” అన్నాడు. బార అంటే రెండు చేతులూ బార్లా చాస్తే ఎంతో అంత, సుమారు ఆరడుగులు. తాడుకు సీసపు గుండు కట్టి నీళ్లలోకి వదిలి, పైకి లాగుతూ చేతులతో కొలుచుకునే లెక్క అది. నలభై మీటర్లను ఇరవైరెండు బారలని మార్చి చెప్పగానే ఆయన కళ్లు సముద్రం మీద ఒకచోటికి వెళ్లి నిలిచాయి. ఆ లోతున్న జాగా ఆయనకు మా వీధి నాకు తెలిసినట్టు తెలుసు. ఉపగ్రహం నుంచి హార్బర్ దాకా వచ్చిన సమాచారం ఇంకా ఆయనకు చేరలేదు. మీటరును బార చేసినప్పుడు చేరింది.

చేప పట్టడం ఒక ఎత్తు, అమ్మడం ఇంకో ఎత్తు. దీన్ని గురించి ఆర్థికశాస్త్రవేత్త రాబర్ట్ జెన్సెన్ 2007లో ప్రచురించిన పరిశోధన లోకమంతా పేరుపొందింది. ఆయన చూసింది ఉత్తర కేరళలో కవళ్లు పట్టే బెస్తలను. 1997 జనవరి 14న వడకర ఒడ్డున పదకొండు పడవలవాళ్లు కొనేవాడు లేక తెచ్చిన చేపనంతా సముద్రంలో పారబోశారు. అదే పొద్దున పదిహేను కిలోమీటర్ల లోపలే ఉన్న వేరే రేవుల్లో ఇరవై ఏడుమంది బేరగాళ్లు చేప దొరక్క ఉత్త చేతులతో పోబోతున్నారు. ఒకరి సంగతి ఒకరికి తెలియదు. ఆ తర్వాత 2001 లోపల కోళికోడ్, కన్నూర్, కాసరగోడ్ తీరాలకు ఒకదాని తర్వాత ఒకటిగా సెల్‌ఫోన్ సిగ్నల్ వచ్చింది. టవర్లు ఒడ్డునే ఉండటంతో ఇరవై, ఇరవైఐదు కిలోమీటర్ల దాకా నీటి మీద కూడా అందేది. పడవ మీంచే ఫోన్ చేసి, ఏ రేవులో కొనేవాళ్లున్నారో అడిగి పడవను అటు తిప్పడం మొదలుపెట్టారు. జెన్సెన్ పదిహేను రేవుల ధరలను ఏళ్ల తరబడి నమోదు చేశారు. అంతకుముందు 60 నుంచి 70 శాతం దాకా ఊగిసలాడిన ధరల తేడా 15 శాతానికీ అంతకంటే తక్కువకూ దిగింది. అంతవరకు 5 నుంచి 8 శాతం చేప వృథా అయ్యేది, ఆ వృథా పోయింది. బెస్తల లాభం సగటున 8 శాతం పెరిగింది, కొనుక్కుని తినేవాళ్లకు ధర 4 శాతం తగ్గింది.

అమ్మేవాడికీ కొనేవాడికీ ఇద్దరికీ మేలు జరగడం అరుదు. అందుకే ఈ అంకెలు చాలా సభల్లో వినిపించాయి. ఫోన్ ఇస్తే చాలు, పేదరికం దానంతట అదే తగ్గుతుందన్న ధీమా కూడా వీటితోనే పెరిగింది. పరిశోధకులు జానకీ శ్రీనివాసన్, జెన్నా బరెల్ మళ్లీ ఆ తీరానికే పోయి, ఆ బెస్తల మధ్యనే తిరిగి 2013లో రాసిన పత్రం ఆ ధీమాను కొంచెం నిలదీస్తుంది. పడవకూ వలకూ వేలంపాటగాడి దగ్గర అప్పు తెచ్చుకున్నవాడికి చేపను ఇంకో రేవులో అమ్మే స్వేచ్ఛ ఎంత? పడవ చిన్నదైతే దూరపు రేవుకు పోగలడా? మన కోస్తాలో అప్పు ఇచ్చిన షావుకారుకే చేప పోయాలన్న కట్టు తెలిసినవాళ్లకు ఈ ప్రశ్న కొత్తగా తోచదు. ధర తెలియడం ఒకటి, ఆ ధరకు అమ్మగలగడం ఇంకొకటి. నేను జెన్సెన్ అంకెలను నమ్ముతాను. పారబోసిన చేప మిగలడం చిన్న సంగతి కాదు. కానీ ఆ మేలు అందరికీ సమానంగా అందిందని ఆ అంకెలు చెప్పవు.

ఇక లోకం లెక్క. 2024లో అంతర్జాతీయ టెలీకమ్యూనికేషన్ యూనియన్ అంచనా ప్రకారం భూమ్మీద 260 కోట్లమంది ఇంటర్నెట్ వాడటం లేదు. సంపన్న దేశాల్లో నూటికి 93 మంది వాడుతుంటే, బాగా పేద దేశాల్లో 27 మంది. ఈ దూరం అంతా టవర్లు లేకపోవడం వల్లనే అనుకుంటాం. అదే ఏడాది మొబైల్ కంపెనీల సంఘం జీఎస్ఎంఏ వేసిన లెక్క వేరే సంగతి చెబుతుంది. మొబైల్ ఇంటర్నెట్ సిగ్నలే అందని చోట ఉన్నవాళ్లు ప్రపంచ జనాభాలో నాలుగు శాతం. సిగ్నల్ తల మీదే ఉన్నా వాడనివాళ్లు 39 శాతం. ఫోను కొనలేక, డేటా ధర భరించలేక, చదువు రాక, తమ భాషలో తమకు పనికొచ్చేది అందులో ఏముందో తెలియక, కొన్నిచోట్ల ఇంట్లో ఆడవాళ్ల చేతికి ఫోన్ ఇవ్వక. టవర్ కట్టడం తెలిసిన పని. ఇవి అన్నీ మనుషుల మధ్య తేలవలసిన పనులు.

డేటా ధర సంగతిలో దక్షిణాఫ్రికా ఈస్టర్న్ కేప్‌లోని మాంకోసీ గ్రామస్థులు చేసింది నాకు ఎంతో ఇష్టం. అక్కడ కరెంటు లేని ఇళ్లు ఎక్కువ. సంపాదన తక్కువ, కంపెనీల రేట్లు ఎక్కువ. వెస్టర్న్ కేప్ విశ్వవిద్యాలయం పరిశోధకుల తోడుతో వాళ్లు సొంత నెట్‌వర్క్ కట్టుకుని, 2014లో సహకార సంఘంగా రిజిస్టర్ చేసుకున్నారు. పేరు జెంజెలేని. వాళ్ల ఖోసా భాషలో ‘మీకు మీరే చేసుకోండి’ అని అర్థం. ఇళ్ల కప్పుల మీద వైఫై పెట్టెలు, వాటికి సౌర పలకలు, బ్యాటరీలు. ఒక పెట్టె పక్క పెట్టెకు, అది ఆ పక్కదానికి అందిస్తూ ఊరంతా అల్లుకుంటుంది. అవే బ్యాటరీల మీద ఇరుగుపొరుగు ఫోన్లు చార్జింగ్ చేసిపెడితే వచ్చే చిల్లర సంఘానికి చేరేది. ఎవరింటి మీద పెట్టె పెట్టాలి, ఎంత వసూలు చెయ్యాలి, వచ్చినదాన్ని ఏం చెయ్యాలి అన్నవి ఊరి సభలో తేల్చుకున్నారు.

పుదుచ్చేరి అనుభవం తెలుగు నేలకూ వచ్చింది. బాలాజీ తర్వాత హైదరాబాద్ పక్కన పటాన్‌చెరు ఇక్రిశాట్‌కు వచ్చారు. అక్కడ మెట్టప్రాంతాల కోసం నడిపిన పథకంలో మహబూబ్‌నగర్ జిల్లా అడ్డాకులలోని ఆదర్శ మహిళా సమాఖ్య భాగస్వామి అయింది. పొదుపు సంఘాల ఆడవాళ్ల సమాఖ్య అది. కరువు ముప్పు ఏ ఊరికి ఎంత ఉందో రంగుల్లో చూపే పటాలు తయారయ్యాయి. ఎర్రరంగు పడిన ఊరు, పచ్చరంగు పడిన ఊరు. అక్షరం రాని అమ్మ కూడా తన ఊరు ఏ రంగులో ఉందో వేలుపెట్టి చూపగలదు. సముద్రం దగ్గర లౌడ్‌స్పీకర్ చేసిన పనిని పాలమూరు చెలకల్లో రంగు చేసింది.

మళ్లీ సముద్రానికే వస్తాను. ఒక పెద్ద ఖాళీ మిగిలిపోయింది అక్కడే. ఒడ్డు మీది టవర్ సిగ్నల్ సముద్రం మీద ఎక్కువ దూరం సాగదు. చేప కోసం పోయే బోట్లు అంతకు ఎన్నో రెట్లు లోపలికి పోతాయి, రోజుల తరబడి అక్కడే ఉంటాయి. 2017 నవంబర్ చివర ఓఖీ తుపాను కన్యాకుమారి దగ్గర ఉన్నట్టుండి బలపడింది. తమిళనాడు, కేరళ బెస్తలు ఎందరో అప్పటికే నడిసముద్రంలో ఉన్నారు. ఒడ్డున హెచ్చరిక ఉంది, ఒడ్డున ఇంటర్నెట్ ఉంది. వాళ్ల దగ్గర వట్టి ఫోన్లు. వందలమంది తిరిగి రాలేదు.

ఆ తర్వాత 2019 అక్టోబర్‌లో ‘జెమిని’ అనే పరికరం వచ్చింది. విమానాలకు దారిచూపే గగన్ ఉపగ్రహాల నుంచి ఇన్‌కాయిస్ సందేశాన్ని అందుకుని, బ్లూటూత్ ద్వారా పక్కనున్న మామూలు ఫోనుకు వాళ్ల భాషలో చూపిస్తుంది. సిగ్నల్‌తో పనిలేదు. ఎంత లోపలికి పోయినా తుపాను హెచ్చరికా, అల ఎత్తూ, చేప జాడా తెలుస్తాయి. కానీ అది వినిపిస్తుందే తప్ప వినదు. పడవలోవాడు ‘మేం ఇక్కడున్నాం’ అని దానిలో చెప్పలేడు.

ఆ మాట చెప్పడానికి ఇస్రో వాళ్ల ఆపద సంకేత పరికరం 2010 నుంచీ వాడుకలో ఉంది. బోటు మునిగిపోతున్నా, మంటలు లేచినా, ఎవరికైనా ప్రాణం మీదికి వచ్చినా మీట నొక్కితే ఉపగ్రహం మీదుగా చెన్నైలోని రక్షణ కేంద్రానికి బోటు ఉన్న చోటు తెలిసేది. వేల బోట్లలో అది ఉంది. కానీ నొక్కినవాడికి అది చేరిందో లేదో తెలిసేది కాదు. నడిరాత్రి, చుట్టూ చీకటి, నీళ్లు లోపలికి వస్తుంటే మీట నొక్కి, ఇక ఎదురుచూడటమే. 2024 జనవరిలో దాని రెండో తరం పరికరాన్ని ఇస్రో ప్రకటించింది. దానిలో కొత్తగా చేర్చిన సౌకర్యం ఏమిటంటే, మీట నొక్కాక ఒడ్డునుంచి తిరుగు సందేశం వస్తుంది: మీ కేక అందింది, వస్తున్నారు.